చేదు పోయిన ఉప్పు

ముందు పోయినవాటి లెక్క. నలభయ్యో నంబరు నూలు రెండు వందల చిలపలు, అంటే చుట్టిన నూలు కట్టలు, తూకానికి అయిదు పౌన్లు. ఆ నూలును తోడి, ఆసుపోసి, రెండు వేల ఎనిమిది వందల నిలువు పోగుల పడుగుగా చేసిన ఇద్దరి పద్దెనిమిది రోజుల పని. అంచు పోగులకు పట్టించిన ఎర్ర రంగు. నాలుగు శేర్ల రాగి పిండితో కాచిన గంజి. అరవై గజాల పడుగు కాబట్టి, ఆరు గజాల చీరలు పది, మగ్గం ఎక్కకముందే పోయాయి. వీటితోపాటు నా మాట ఒకటి పోయింది. దానికి తూకం లేదు.

ఆ పోగులన్నీ ఒకదాని కొసకొకటి ముడివేసుకుంటూ పోతే లక్షా అరవై ఎనిమిది వేల గజాలు, అంటే తొంభై అయిదు మైళ్ళ పైచిలుకు. మా వడమాలపేటకు సముద్రం, పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే, యాభై మైళ్ళు. ఆ నూలు కొస పట్టుకొని సముద్రం దాకా పోయి వెనక్కి మళ్ళితే, ఊరు ఇంకా అయిదు మైళ్ళు ఉందనగా అయిపోతుంది. ఈ లెక్క నేను ఆ పొద్దే వేశాను, తడిసిన పడుగు నుంచి ఎర్ర నీళ్ళు కారుతుంటే గోడకానుకొని నిలబడి. ఏం చేయాలో తోచనప్పుడు నాకు లెక్కే తోస్తుంది.

పడుగును తడిపింది వాన. వాన రాదని చెప్పింది నేను.

ఇది డెబ్బైల నడుమ సంగతి. తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డు మీద, వడమాలపేటలో, ఒక ఉప్పు అంగడిలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నది ఎక్కాల పుస్తకం, పంచాంగం వెనక పేజీలు, పాత కాగితాల వాడి దగ్గర దొరికిన హైస్కూలు పుస్తకాలు. మా అంగడికి సముద్రం ఒడ్డు మడుల నుంచి లారీలో ఉప్పు దిగేది. అక్కడినుంచి మామిడికాయల కాలంలో చిత్తూరుకు ఊరగాయ ఉప్పు, ఏడాది పొడుగునా పలమనేరు వైపు ఆవుల తొట్లలోకి రాళ్ళలాంటి గల్లుప్పు పోయేది.

ఉప్పు మూట ఒక తూకం మీద నిలవదు. ఎండాకాలంలో తరుగుతుంది, ముసురు రోజుల్లో పెరుగుతుంది. మా సావుకారు ఒక రోజు కాటా ముందు నిలబడి నన్ను పిలిచాడు.

"ఏమప్పా, నిన్న డెబ్బై అయిదు కిలోలు తూగిన మూట, ఈ పొద్దు డెబ్బై అయిదున్నర ఎట్లయింది? రాత్రి లేచి ఏమన్నా తినిందా?"

"గాలి తాగింది సావుకారూ," అన్నాను.

"తాగితే తాగనీలే. తూకమేసి అమ్మేటప్పుడు గూడా ఇట్లే తాగుండాల," అని ఆయన నవ్వుకుంటూ పోయాడు. నాకు మాత్రం ఆ అరకిలో మనసులో ఉండిపోయింది.

పలుచటి గుడ్డ సంచిలో అయిదు కిలోల ఉప్పు పోసి, అంగడి వెనక గదిలో పాత తక్కెడకు ఒక వైపు వేలాడదీశాను. రెండో వైపు రాళ్ళు. పొద్దున అంగడి తీయగానే ఒక తూకం, సాయంత్రం మూసేముందు ఒక తూకం. చిరిగిన క్యాలెండరు కాగితాల వెనక రాసిపెట్టేవాణ్ణి. మూడేళ్ళు రాశాక ఒక సంగతి తేలింది. దసరా దాటి తూర్పు గాలి మొదలైన నెలల్లో, ఒక్క రోజులో సంచి నలభై గ్రాములు పెరిగితే, రెండు రోజుల లోపల వాన. నలభై ఒక్కసార్లు అట్లా పెరిగింది, ముప్పై నాలుగుసార్లు వాన పడింది. పడమటి గాలి వానలు మాకు పేరుకే. మా చెరువులు నిండేది ఆశ్వయుజ, కార్తీకాల్లో, సముద్రం వైపు నుంచి వచ్చే వానతోనే. ఆ వాన బయలుదేరేముందు దాని తడి ఊపిరి యాభై మైళ్ళు ముందుగా వచ్చి నా సంచిని తాకేది. అట్లా అనుకొని ఆనందపడేవాణ్ణి.

చెనక్కాయలు ఎండబోసేవాళ్ళు వచ్చి అడగడం మొదలుపెట్టారు. నేను చెప్పింది జరుగుతుంటే నా నడకలో కొంచెం తేడా వచ్చిందని మా ఆవిడ అనేది. నేను ఒప్పుకోలేదు.

అంగడి వెనకే నేతవాళ్ళ వీధి. పడుగుకు గంజి పట్టించడం ఇంట్లో అయ్యే పని కాదు. తెల్లవారకముందే వీధి పొడుగునా వెదురు కర్రలు నిలబెట్టి, అరవై గజాల పడుగును వాటి మీద సాగదీస్తారు. రెండు పక్కలా మనుషులు నడుస్తూ కుంచెలతో గంజి రాస్తారు, అతుక్కున్న పోగుల్ని విడదీస్తారు. పొద్దు నిలువెత్తు ఎక్కేలోగా గంజి ఆరాలి. అంతవరకు ఆ వీధిలో మేకల్ని కట్టేస్తారు, సైకిల్ దిగి పక్కన నడిపించుకొని పోతారు. ఎవరి పడుగైనా ఇరుగుపొరుగు అందరూ వచ్చి చెయ్యి వేస్తారు. ఎండాకాలంలో ఇదంతా పండగలా ఉంటుంది. వానల నెలల్లో మాత్రం ఒక్క పొడి పొద్దు కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి.

ఆ వీధి మొదటి ఇంటి నేతగాడు నాకంటే పదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి, ఆయన భార్యను వదినా అని. వీధిలో అందరూ నూలు సావుకారి నూలు నేసి కూలి తీసుకునేవాళ్ళే. ఈయనకు ఒక్కటే కోరిక, ఒక సొంత పడుగు. మూడేళ్ళు కూలిలో మిగిల్చి, నాలుగేసి చిలపలు కొని, అటక మీద మట్టి కాగులో దాచి, రెండు వందల చిలపలు చేశాడు. ఆ పది చీరలు అమ్ముడైతే తర్వాతి పడుగుకు నూలు వస్తుంది. ఆ పైన ఏ గడప ముందూ చేతులు కట్టుకొని నిలబడనక్కరలేదు. ఆ చీరల అంచుకు తానే కట్టుకున్న లెక్క ఒకటి ఉంది: పన్నెండు పోగులు ఎరుపు, నాలుగు తెలుపు, మళ్ళీ పన్నెండు. ఆ లెక్క నాకు చూపించేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవాడు.

ఆ ఏడు ఆయుధ పూజ నాడు నేను చేసిన పని ఇది. ఆ రోజు పూజ మొదలైనాక మా అంగడిలో తక్కెడ ఏదీ తూచదు. రాళ్ళు, కాటా, తక్కెడలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూలు చుట్టి, ఒక రోజు విశ్రాంతి ఇస్తారు. వెనక గదిలో నా సంచి చూసి సావుకారు ముఖం చిట్లించాడు. నాలుగేళ్ళ ఉప్పు చెమటతో అది గోధుమరంగుకు తిరిగి, అడుగున జిగటగా ఉండేది.

"దేవుని ముందర ఆ గలీజు మూట ఏందప్పా? మంచి ఉప్పు పోసి కట్టు."

ఆయన చెప్పింది న్యాయమే అనిపించింది. మా ఆవిడ కొత్త సంచి కుట్టి ఇచ్చింది. ఊరగాయల వాళ్ళ కోసం విడిగా పెట్టిన కుప్ప నుంచి, తెల్లగా, పొడిగా, గలగలలాడే ఉప్పు ఏరి, తక్కెడలకు పసుపు పెట్టకముందే సరిగ్గా అయిదు కిలోలు తూచి పోశాను. ఒక్క గ్రాము తేడా రాకూడదని మూడుసార్లు తూచాను. తూకం తప్పలేదు.

తర్వాత నెల రోజులు సంచి కదల్లేదు. అయిదు, పది గ్రాములు పెరిగేది, తగ్గేది. ఈ ఏడు వానలు ఆలస్యమని అందరికీ చెప్పాను. ఒక సాయంత్రం నేతగాడు అంగడి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు.

"ఏమప్పా, రేప్పొద్దున పడుగు సాగదీద్దామనుకుంటా ఉండాను. నా సొంతది. ఏమంటాది నీ సంచి?"

"కదల్లేదన్నా. పది గ్రాములు. నిశ్చింతగా ఎయ్యి."

"కొండ మీద మబ్బు నాకు నచ్చలే."

"కొండకు తూకం లేదన్నా. సంచికి ఉండాది."

ఈ మాట నేనన్నాను. గుర్తుంది కాబట్టి రాస్తున్నాను.

తెల్లవారి ఏడింటికి గంజి పట్టించడం అయింది. పడుగు తెల్లగా, నిండుగా, రెండంచుల ఎర్ర గీతలతో వీధి చివరిదాకా పోయింది. ఎనిమిదింటికి తూర్పు బూడిద రంగుకు తిరిగింది. మొదటి చినుకు పెద్దది, నా చేతి మీదే పడింది. మనుషులు పరుగెత్తి కర్రలు పీకి చుట్టడం మొదలుపెట్టారు. కానీ తడి పడుగు చుడితే పోగు పోగుకు అంటుకుంటుంది, చుట్టకపోతే వాన. సగం చుట్టేసరికి ధార పట్టింది. ఎర్ర రంగు తెల్ల పోగుల్లోకి పాకి, కిందికి కారి, వీధి మట్టిలో కలిసింది. మూడు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. ఇంట్లో చుట్టిపెట్టిన పడుగు పులిసి, బూజు పట్టి, పోగు పట్టుకుంటే తెగింది. నా సంచి కూడా ఆ మూడు రోజుల్లో బరువెక్కింది, పెళ్ళయిపోయినాక వచ్చిన మేళంలాగా.

నాలుగో రోజు వాళ్ళింటికి పోయాను. వదిన గడపలోనే ఉంది.

"రావప్పా, రా. ఉప్పమ్మబోతే వాన, పిండి అమ్మబోతే గాలి అంటారే, ఆ ఉప్పమ్మేవాడు నువ్వే అని మాకు తెలీకపాయె."

నేతగాడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. మగ్గం మీద మళ్ళీ నూలు సావుకారి పడుగే.

"అన్నా, నూలు నేను కొనిస్తాను. నెలనెలా కొంచెం కొంచెంగా," అన్నాను.

ఆయన మగ్గం మీది పోగొకటి సర్దాడు. తర్వాత అన్నాడు: "నీ నూలు పెట్టి నేస్తే అది నా సొంత పడుగు ఎట్లయితాదప్పా? ఆ సావుకారి బదులు నువ్వు సావుకారివి. అంతే గదా."

"అట్లయితే ఏం చెయ్యమంటావు?"

"నూలు పోగొట్టింది వాన. నువ్వు పోగొట్టింది ఒక పొద్దు. నువ్వు పొద్దులే ఇయ్యి."

"ఎన్ని?"

"నూరు." ఆ అంకె ఆయన అప్పటికప్పుడు అన్నాడో, మూడు రోజులు ఆలోచించి అన్నాడో నాకు తెలియదు. "నాది గానీ మా తమ్మునిది గానీ పడుగు ఉన్నప్పుడు, ముందు రోజు నువ్వు చెప్పాల. నూరు పొద్దులు నిజమైతే నీకూ నాకూ సరి."

లోపలి నుంచి వదిన గొంతు వచ్చింది. "వానల నెలల్లో చెప్పిందే లెక్క. ఎండాకాలంలో వాన రాదని మా మేక గూడా చెప్తాది."

"తప్పితే?" అని నేనే అడిగాను. లెక్కలో అన్ని గళ్ళూ ఉండాలి.

"తప్పినదానికి రెండు కోత," అంది వదిన.

ఒప్పుకొని వచ్చేశాను. నడుస్తుంటే ఆశ్చర్యంగా మనసు తేలికైంది. తీర్చగలిగిన అంకె ఒకటి చేతికి వచ్చినట్టు ఉంది. అయితే సంచి ఎందుకు పలకలేదో తెలియకుండా నూరు కాదు, ఒక్కటి కూడా చెప్పలేను.

పది రోజులకు ఉప్పు లారీ వచ్చింది. ఆ లారీతో అప్పుడప్పుడు మడుల మేస్త్రి కూడా వచ్చేవాడు. ముప్పై ఏళ్ళు ఉప్పులో కాళ్ళు నానిన మనిషి, సగం అరవం, సగం తెలుగు. సంచి చూపించి సంగతి చెప్పాను. ఆయన నాలుగు గల్లులు తీసి నాలుక మీద వేసుకొని చప్పరించి నవ్వాడు.

"తంబీ, ఇది ముసలి ఉప్పు. ఒక వానాకాలం కుప్పలోనే నానింది. చేదంతా కారిపోయింది. చేదు పోయిన ఉప్పు ఏడవదు."

"ఏం చేదు?"

"సముద్రం నీళ్ళల్లో ఉప్పు ఒకటే ఉండాదనుకున్నావా? ఉప్పు గట్టిపడినాక మడిలో మిగిలే నీళ్ళు నాలుక మీద పెట్టి సూడు, వేపాకు మాదిరి ఉంటాది. ఆ చేదే గాలిలో తడి లాగేది. కొత్త ఉప్పులో చేదు ఉంటాది, అందుకే చెమరస్తాది. ఊరగాయలకు మేం పాతదే ఇస్తాం. నువ్వు పోయి మంచిదేరి కట్టినావు."

"సావుకారు మంచి ఉప్పు కట్టమన్నాడు."

"మంచిదే గదా. తినేదానికి."

గలీజుదని తీసి పారేసిన దానిలోనే నా లెక్క ఉంది. మూడుసార్లు తూచాను గాని, ఒక్కసారి రుచి చూడలేదు.

మేస్త్రి వెళ్తూ వెళ్తూ, "ఉప్పునే అడగతా ఉండావు, సముద్రాన్ని గూడా ఒక పారి అడుగు," అన్నాడు. సావుకారు దగ్గర రెండు రోజులు సెలవు తీసుకొని, అదే లారీలో ఎక్కాను. అది కార్తీకం చివర. మడులు నీళ్ళతో నిండి, పని లేక, పనివాళ్ళు వలలు అల్లుకుంటున్నారు. ఒడ్డున సముద్రం నేను ఊహించినట్టు నీలంగా లేదు, మా చెరువు మాదిరి మట్టిరంగుగా ఉంది. మేస్త్రి దగ్గర ఒక గాజు గొట్టం ఉంది, అడుగున సీసం గుండ్లు, పక్కన గీతలు. నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే గొట్టం పైకి తేలుతుంది, తక్కువైతే మునుగుతుంది. సముద్రంలో మోకాటి లోతుకు దిగి దాన్ని వదిలాడు. బాగా మునిగింది.

"సూసినావా? చిత్తిర ఎండల్లో అయితే ఇంతెత్తు నిలబడతాది. ఇప్పుడు సముద్రం చప్పన."

"వాన నీళ్ళకా?"

"మన వాన ఎంతప్పా, చెంబెడు. ఎండాకాలంలో కట్టు తెగిన తెప్ప ఉత్తరానికి పోతాది. దసరా దాటినాక అదే తెప్పను వదిలితే దక్షిణానికి పోతాది. సముద్రం తిరగతాది. ఉత్తరాన పెద్ద పెద్ద నదులు వానాకాలమంతా పోసిన నీళ్ళు ఒడ్డు పట్టుకొని కిందికి దిగొస్తాయి. గోదారివి, ఇంకా పైవి. గంగమ్మవి గూడా అంటారు మావాళ్ళు. తేలిక నీళ్ళు గదా, ఉప్పు నీళ్ళ మీద తేలతా వస్తాయి."

ఒక సీసా నీళ్ళు తెచ్చుకున్నాను. మరుసటి వైశాఖంలో మళ్ళీ పోయి ఇంకొకటి తెచ్చాను. ఒక్కో లీటరు కాచి, ఇగిరించి, మిగిలింది తూచాను. వైశాఖంలో ముప్పై అయిదు గ్రాములు. కార్తీకంలో ఇరవై ఎనిమిది. "పప్పుచారులో ఉప్పేసేది తెలీదు గాని, నా చింతపండు గిన్నెలో సముద్రాలు కాస్తాడు," అని మా ఆవిడ పక్కింటివాళ్ళతో అంది. ఏడు గ్రాములు తక్కువ. అయిదో వంతు. అంటే నాలుగు చెంబుల ఉప్పు నీళ్ళకు ఒక చెంబు మంచినీళ్ళు కలిశాయన్నమాట. కంటికి ఆనని సముద్రంలో అయిదు చెంబులకు ఒక చెంబు నది. ఆ రోజు నాకు అన్నం సరిగ్గా లోపలికి పోలేదు, సంతోషంతో.

ఆ తేలిక నీళ్ళకూ మా వానకూ ఏమన్నా సంబంధం ఉందా? మిఠాయి అంగడి గాజు సీసాలు రెండు అడిగి తెచ్చాను. ఒక దానినిండా ఉప్పు నీళ్ళు. రెండోదానిలో మూడు వంతులు ఉప్పు నీళ్ళు పోసి, పైన అరిటాకు ముక్క వేసి, దాని మీద నెమ్మదిగా మంచినీళ్ళు పోశాను. తేడా కనపడాలని ఆ మంచినీళ్ళలో నేతగాడి ఎర్ర రంగు కలిపాను. ఎరుపు కిందికి దిగలేదు, పొరలాగా పైనే నిలబడింది. రెండు సీసాలూ వాళ్ళ వీధిలోనే ఎండలో పెట్టాను. వీధంతా చేరింది.

"ఏం జేస్తా ఉండాడు ఉప్పు పంతులు? సోడా అమ్ముతాడా?" అంది వదిన.

నేతగాడు గొంతుకూర్చొని చాలాసేపు చూశాడు. "రంగు నీళ్ళు ఎండకు జాస్తి కాగుతాయి గదప్పా. ఒక దానికి రంగేసి ఒక దానికి ఎయ్యకపోతే ఏం తెలుస్తాది?"

నాకు సిగ్గేసింది. ఉన్న మాటే. రెండో రోజు రెండింటిలోనూ పైన ఒకే కొలత రంగు వేసి, మళ్ళీ పెట్టాను. ఒక సీసాలో రంగు అంతా కలిసిపోయింది, రెండోదానిలో పొరగా నిలిచింది. గాలికి బదులు విసనకర్రతో రెండింటి మీదా నేతగాడే విసిరాడు. సాయంత్రం ఇద్దరం వేళ్ళు పెట్టి చూశాం. కలిసిన సీసా పైనా కిందా ఒకే తీరున గోరువెచ్చగా ఉంది. పొర ఉన్న సీసాలో పైన వేడి, వేలు లోపలికి దించితే చల్లన. గాలి ఎంత విసిరినా కింది చల్లని నీళ్ళు పైకి రాలేదు.

"పైన వెచ్చంగా దుప్పటి కప్పినట్టు ఉండాది," అన్నాడు నేతగాడు.

అదే. మా సముద్రం మీద వానల నెలల్లో ఆ దుప్పటి ఉంటుంది. దాని మీదుగా వచ్చే గాలికి ఒడ్డు దాకా వేడి ఆవిరి దొరుకుతూనే ఉంటుంది, కింది చల్లదనం అడ్డు రాదు. కొన్నేళ్ళకు తిరుపతి గ్రంథాలయంలో ఒక లావు పుస్తకంలో ఇదే సంగతి వేరే మాటల్లో చదివాను. రెండు సీసాల మాట అందులో లేదు గాని, మేస్త్రి చెప్పిన తెప్ప మాట ఉంది. కుర్చీలో కూర్చొని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. సంచిలో ఏటేటా కొత్త ఉప్పు, నాలుక మీద వేసుకొని చేదు చూసిన తర్వాతే. ఆయుధ పూజకు దాన్ని కడగను, పైన ఒక కొత్త గుడ్డ కప్పుతాను. దసరా వెళ్ళాక మేస్త్రి ఒక పోస్టు కార్డు వేయించేవాడు. ఒకటే వాక్యం: "నీళ్ళు తిరిగినాయి." ఆ కార్డు అందాక నలభై గ్రాముల వరకు ఆగేవాణ్ణి కాదు, ముప్పైకే జాగ్రత్త చెప్పేవాణ్ణి.

నేతగాడికి రెండో సొంత పడుగు తయారయ్యేసరికి ఇంకో రెండేళ్ళు పట్టింది. మళ్ళీ రెండు వందల చిలపలు, మళ్ళీ కార్తీకం. అది అయ్యే వేళకు నా లెక్కలో పద్నాలుగు పొద్దులు తీరాయి. ఆ సాయంత్రం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కొండ మీద ఒక్క మబ్బు లేదు. సంచి ముప్పై అయిదు గ్రాములు లేచింది. కార్డు వచ్చి వారమైంది.

"ఎయ్యొద్దన్నా," అన్నాను.

"ఇంత ఎండ పెట్టుకొని ఎయ్యొద్దంటావా? వీధంతా నవ్వతారప్పా."

"నవ్వనీ."

"పోయినసారి సంచిని నమ్మినాను, కొండను నమ్మలే. ఈసారి కొండ ఎయ్యమంటా ఉండాది, సంచి వద్దంటా ఉండాది." ఆయన చేతులు నలుపుకున్నాడు. ఇంకో పడుగు పోతే మూడోది కూడబెట్టే వయసు ఉండదని ఇద్దరికీ తెలుసు. "ఆ ఉప్పు చేదేనా?"

సంచిలో చెయ్యి పెట్టి ఒక గల్లు తీసి ఇచ్చాను. నాలుక మీద పెట్టుకొని ముఖం ముడిచాడు. లేచి పోయాడు.

తెల్లవారింది. వీధిలో కర్రలు నిలబెట్టలేదు. ఎండ కాసింది. తొమ్మిదింటిదాకా పొడి పొద్దు. గంజి ఆరడానికి చాలినంత. వీధిలో ఒకరిద్దరు నిజంగానే నవ్వారు. నేను అంగడి మెట్ల మీద కూర్చొని గంటలు లెక్కపెట్టుకున్నాను. పదింటికి తూర్పు బూడిదైంది. పదీ ఇరవైకి మొదటి చినుకు. రెండు రోజులు కురిసింది.

మూడో రోజు సాయంత్రం సంచి యాభై గ్రాములు దిగింది. "ఎయ్యన్నా," అన్నాను. నాలుగో పొద్దు పడుగు వీధి చివరిదాకా సాగింది. పన్నెండు ఎరుపు, నాలుగు తెలుపు, పన్నెండు ఎరుపు. ఒక కుంచె నా చేతికి కూడా ఇచ్చారు. ఎనిమిదిన్నరకు గంజి ఆరింది, పోగు మీటితే టంగుమంది. వదిన నా వైపు చూడకుండానే మజ్జిగ చెంబు నా పక్కన పెట్టిపోయింది. ఆ రోజు గురించి ఇంతకంటే ఏమీ రాయలేను.

ఆ "ఎయ్యొద్దు" అన్న పొద్దు సంగతి తర్వాత పంచాయితీ అయింది. తొమ్మిదిదాకా వాన లేదు కాబట్టి అది తప్పు అని వదిన. సంచి రెండు రోజుల్లో అని చెప్పింది కాబట్టి ఒప్పు అని నేను. నేతగాడు ఆలోచించి, "తప్పే. కానీ నాకు నచ్చిన తప్పు. కోత మాత్రం కోతే," అన్నాడు. రెండు పోయాయి.

ఆ పది చీరలూ తిరుపతిలో అమ్ముడయ్యాయి. ఆ తర్వాత ఆయన నూలు సావుకారి గడప ఎక్కలేదు. నేను పదకొండు వానాకాలాలు చెప్పాను. నిజమైనవి నూట మూడు, తప్పినవి ఏడు. ఏడుకు రెండేసి చొప్పున కోత పద్నాలుగు. చెల్లింది ఎనభై తొమ్మిది.

ఆ తర్వాత గంజి పట్టించిన పడుగులు చుట్టలుగా తయారై రావడం మొదలైంది. వీధికి తారు పోశారు, బస్సు కూడా దూరుతుంది. వెదురు కర్రలు వదిన పందిరికి వాడుకుంది, దాని మీద సొరకాయ బాగా కాస్తుంది. పొడి పొద్దుతో నేతగాడికి ఇప్పుడు పని లేదు. మడుల మేస్త్రికి కళ్ళు తగ్గాయి, అయినా ఏటా ఎవరిచేతో ఒకరిచేత ఆ ఒక్క వాక్యం రాయిస్తాడు. సంచి ఇప్పటికీ వేలాడుతోంది, రెండు పూటలా తూస్తాను.

పోయిన కార్తీకంలో వదిన వడియాలు పెట్టాలని అడిగింది. "రేపు పెట్టు వదినా," అన్నాను. పెట్టింది, గలగలా ఎండాయి. సాయంత్రం నేతగాడి పక్కన అరుగు మీద కూర్చొని నెమ్మదిగా అన్నాను: "ఇది కూడా ఒక పొద్దే గదన్నా. తొంభై వేసుకుందామా?"

"వడియాలు పడుగెట్లయితాయప్పా?" అన్నాడు ఆయన, చూపు పందిరి మీదినుంచి తిప్పకుండా.

"పోనీ, మిగిలింది వదిలేయకూడదా?"

"వదిలేస్తే నువ్వు ఈడికి ఎందుకొస్తావు?" వదిన లోపల నవ్వింది. ఆయన నా మోకాలి మీద తట్టాడు. "చెప్పు. ఎన్ని బాకీ?"

"పదకొండు."